తిరుగుడు, చూసుడు

2015 వేసవిలో ప్రాజెక్టు పనిమీద మూడు నెలలు ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఉన్నాను. జెద్దా ఎండల్లోంచి అలాంటి చోటికి పంపిస్తామంటే ఎవరు మాత్రం కాదంటారు? సోమవారం నుంచి శుక్రవారం దాకా డేటాబేసులతో కుస్తీ. శని, ఆదివారాలు మాత్రం ఏం చెయ్యాలో తోచేది కాదు. నా అవస్థ చూసి పక్క సీటులో కూచునే ఫ్రెంచి మిత్రుడు ఒక సలహా ఇచ్చాడు. "మ్యూజియాలు వాన పడే రోజుల్లో చూడవచ్చు. వాన లేని రోజున సైకిలు తీసుకుని పల్లెలకు పో" అన్నాడు.

పదో తరగతి తర్వాత నేను సైకిలు ఎక్కలేదు. మాది కోరుట్ల దగ్గర ఒక చిన్న ఊరు. హైస్కూలుకు నాలుగు కిలోమీటర్లు అద్దె సైకిలు మీద పోయినవాణ్ణి. ఇంజనీరింగు సీటు వచ్చిన రోజున సైకిలు దిగాను. ఎం.టెక్. కంప్యూటర్ సైన్సు పూర్తయ్యి, ఉద్యోగం వచ్చి, కారు కొన్నాక సైకిలనేది నేను దాటివచ్చిన బీదతనానికి గుర్తుగా మిగిలిపోయింది. అలాంటిది ముప్ఫై అయిదేళ్ళ వయసులో, పరాయి దేశంలో, డబ్బులిచ్చి మరీ అద్దె సైకిలెక్కాను.

రైల్లోనే సైకిలు పెట్టుకుని గంటలోపే మాకోన్ చేరుకోవచ్చు. అక్కడి నుంచి క్లూనీ మీదుగా జివ్రీ వరకు, మూసేసిన రైలుమార్గం మీద సైకిళ్ళకీ పాదచారులకీ బాట వేశారు. దాన్ని వాళ్ళు 'వ్వా వెర్త్' అంటారు, అంటే పచ్చబాట. ఆ దేశంలో అలాంటి బాటల్లో మొదటిది ఇదే. క్లూనీకీ జివ్రీకీ మధ్య 44 కిలోమీటర్ల భాగాన్ని 1997లో తెరిచారు. రైలు కోసం వేసిన దారి కనక ఎత్తుపల్లాలు పెద్దగా లేవు. ఒకపక్క ద్రాక్షతోటలు, ఇంకోపక్క గడ్డిబీళ్ళలో తెల్లటి షరోలే ఆవులు. మూపురం లేదన్న మాటే గాని, దూరం నుంచి చూస్తే మన ఒంగోలు పశువులు విదేశీయానం చేసినట్టే ఉంటాయి. ఒకప్పుడు క్రైస్తవ ప్రపంచంలోకెల్లా పెద్ద చర్చి ఉండిన క్లూనీలో ఇప్పుడు మిగిలింది కొన్ని గోపురాలు, కొంత గోడ. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ రాళ్ళు పీక్కుపోయి ఇళ్ళు కట్టుకున్నారట. క్లూనీకి దక్షిణాన ఆ దారిలోనే ఒకటిన్నర కిలోమీటర్లు దాటిన సొరంగం ఒకటుంది. చలికాలంలో దాన్ని మూసేస్తారు. ఎందుకంటే గబ్బిలాలు నిద్రపోతాయి. గబ్బిలాల నిద్ర చెడకూడదని మనుషులు కొండ చుట్టూ తిరిగి పోతారు!

సైకిలు విసుగనిపించిన ఆదివారాల్లో నడిచాను. అక్కడ అడవుల్లో, చేల గట్లమీద, చెట్ల మొదళ్ళకీ కరెంటు స్తంభాలకీ తెలుపు, ఎరుపు గీతలు రెండు పక్కపక్కనే కనిపిస్తాయి. పెద్ద కాలిబాటలకు అది గుర్తు. ఆ రెండు రంగులే ఇంటూ ఆకారంలో ఉంటే, అటు పోవద్దు, దారి తప్పావు అని అర్థం. 1947లో మొదలైన ఈ గీతల్ని ఈనాటికీ ఎక్కువగా వేసేదీ, వెలిసిపోతే మళ్ళీ దిద్దేదీ జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నడుస్తాడని, వాడు దారి తప్పకూడదని, ఇంకెవరో డబ్బా రంగు, కుంచె పట్టుకుని ముందే ఆ దారంట నడిచి పోయి ఉన్నాడన్న మాట.

రెండు సంగతులు మాత్రం ఈ రోజుకీ మరవలేను. ఒకనాడు దారి తప్పి, ఒక ఇంటి ముందు గులాబీలకు నీళ్ళు పోస్తున్న ముసలమ్మను "క్లూనీ ఎటు?" అని అడిగాను. ఆమె చేతిలో చెంబు కింద పెట్టి, నా కళ్ళలోకి చూసి, "బోన్‌జూర్, మొస్యూ" అని ఆగింది. జవాబు చెప్పలేదు, కోపమూ పడలేదు. నేను సిగ్గుపడి "బోన్‌జూర్, మదామ్" అన్నాకనే దారి చెప్పింది. ముందు మనిషిని పలకరించాలి, తర్వాతే దారి అడగాలి.

రెండోది, ప్రతి ఊరి మధ్యలోనూ ఒక రాయి. 1914-18 యుద్ధానికి పోయి తిరిగిరాని ఊరివాళ్ళ పేర్లు దానిమీద చెక్కి ఉంటాయి. యాభై గడపలు లేని ఊళ్ళో కూడా ఇరవై పేర్లు. ఆ రాయి ముందు నిలబడ్డప్పుడల్లా మా వైపు ఊళ్ళు గుర్తొచ్చేవి. గల్ఫుకు పోయి పెట్టెల్లో తిరిగొచ్చినవాళ్ళ పేర్లు మా ఊళ్ళో ఏ రాయిమీదా లేవు.

* * *

సెప్టెంబరులో షరఫియాకు తిరిగొచ్చాను.

జెద్దా ఎరిగినవాళ్ళకు షరఫియా గురించి చెప్పనక్కరలేదు. ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పాతనగరం బలద్‌కు ఉత్తరంగా, మదీనా రోడ్డును ఆనుకుని ఉన్న పేట ఇది. మలయాళీ హోటళ్ళు, కార్గో ఆఫీసులు, ట్రావెల్ ఏజెన్సీలు, ఫోన్ల దుకాణాలు, మధ్య మధ్య బకాలాలు. శుక్రవారం సాయంత్రం చూడాలి. లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన మనుషులతో ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే సందుండదు. మలయాళం, ఉర్దూ, బెంగాలీ, తమిళం, అక్కడక్కడా మన తెలుగు. కరివేపాకు దొరుకుతుందని, ఇడ్లీపిండి దొరుకుతుందని నేనూ ఇక్కడే ఫ్లాటు తీసుకున్నాను. అయితే ఏడేళ్ళు షరఫియాలో కాపురముండి కూడా నేను షరఫియాలో నడిచింది లేదు. ఇంటి నుంచి కారు, కారు నుంచి ఆఫీసు. కూరగాయలకు కూడా కారే.

ఫ్రాన్సు నుంచి వచ్చాక ఒక పిచ్చి పట్టుకుంది. రెండువేల రెండొందల రియాళ్ళు పోసి మంచి సైకిలు కొన్నాను. శుక్రవారం తెల్లవారుజామున, ఊరు నిద్రపోతుండగా సముద్రం ఒడ్డున కోర్నిష్ దాకా తొక్కి వచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో ఇషా నమాజు తర్వాత గల్లీల్లో నడక. ఫ్రాన్సు పల్లెను చూసిన కళ్ళతో షరఫియాను కూడా చూడాలనుకున్నాను. ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. ఏ మేడ చెక్క కిటికీ ఎలా ఉంది, ఏ గల్లీలో ఏ భాష వినిపిస్తోంది, అన్నీ రాసుకునేవాణ్ణి. తత్త్వవేత్త రూసో ఒంటరి నడకలమీద పుస్తకమే రాశాడు కదా, మనమూ రాద్దామని ఆశ.

2016 జనవరిలో ఒక తెల్లవారుజామున మా వీధి చివర సైకిలు చైను ఊడిపోయింది. ఎంతకీ ఎక్కదు. చేతులకు గ్రీసు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు, అచ్చ తెలుగులో: "ఆగుండ్రి సారూ, గట్ల గుంజితే తెగుతది."

ఒక పాత సైకిలు, హ్యాండిలుకు రెండు బకెట్లు, క్యారియరుమీద తడిగుడ్డలు. నిలిపిన కార్లను రాత్రిపూట కడిగే మనిషి. యాభై దాటి ఉంటాయి. ఏడేళ్ళుగా నా కారు పక్కన ఆ బకెట్ల చప్పుడు వింటున్నాను. నా కారును కడిగేది కూడా ఆయనేనని అప్పుడు తెలిసింది. నెలనెలా డబ్బులు మా వాచ్‌మెన్ ద్వారా పోయేవి. రెండు నిమిషాల్లో చైను ఎక్కించాడు. ఏ ఊరు అని అడిగాను. మెట్‌పల్లి అవతల ఒక ఊరి పేరు చెప్పాడు. మా ఊరి నుంచి పన్నెండు కిలోమీటర్లు! మా మేనత్తను ఇచ్చింది ఆ ఊరి పక్క ఊరికే.

"అయ్యో, మనోనివేనా తమ్మీ!" అన్నాడు. 'సారు' అక్కడితో పోయింది. ఆయన నాకు 'అన్న' అయ్యాడు.

ఆ తర్వాత ఏడాదిపైగా వారానికి రెండు మూడుసార్లు కలిసి నడిచాం. ఆయన సైకిలు చేత్తో పట్టుకుని నడిచేవాడు, నేను ఖాళీ చేతుల్తో. నా నోటుబుక్కు ఆయన ముందు ఎందుకూ పనికిరాదని తొందరగానే తెలిసిపోయింది. షరఫియాను ఆయన ఎరిగినట్టు నేనెరగను. ఏ నెలలో ఏ గోడ నీడ ఏ పక్కకు ఎన్ని గంటలకు పడుతుందో చెప్పేవాడు. దారిన పోయేవాళ్ళ కోసం పుణ్యానికి పెట్టిన చల్లనీళ్ళ కుళాయిల్లో ఏవి నిజంగా చల్లగా ఉంటాయో, ఏవి రాత్రి పదకొండు తర్వాత ఆపేస్తారో చెప్పేవాడు. ఏ గల్లీలో మురుగు పొంగుతుందో, ఏ ఇంటి పిల్లి ఏ కారుకింద ఈనిందో, ఏ బకాలా యెమెనీ ముసలాయన మిగిలిన ఖుబ్బూసులు ఊరికే ఇస్తాడో, అన్నీ నోటిమీదే.

ఒకసారి నేను ఉత్సాహంగా అన్నాను: "అన్నా, ఈ ఊరిని నీ అంత బాగా చూసినోడు ఇంకొకడు లేడు."

ఆయన నవ్వాడు. "చూసుడేంది తమ్మీ, తిరుగుడే గానీ. తిరుగుడు వేరు, చూసుడు వేరు."

* * *

ఆ మాట నన్ను వదల్లేదు. తిరుగుడుకీ చూసుడుకీ తేడా ఏమిటి? కాళ్ళు అవే, దారి అదే. ఆయన నాకన్నా ఎక్కువ తిరిగాడు, ఎక్కువ గమనించాడు, ఎక్కువ గుర్తుపెట్టుకున్నాడు. మరి నాది చూపు ఎందుకైంది, ఆయనది తిరుగుడు ఎందుకైంది?

మన భాషలో యాత్రాగ్రంథాలకు ఆద్యుడుగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పదిహేను నెలలు దాటిన ప్రయాణం. చూసిన ఊరల్లా, దాటిన ఏరల్లా రాసిపెట్టిన మహానుభావుడాయన. అయితే ఆయన పోయింది పల్లకీలో. ఆ దూరమంతా నడిచినవాళ్ళు బోయీలు. ప్రతి గుంతా, ప్రతి రాయీ వాళ్ళ పాదాలకు తెలుసు. పుస్తకం మాత్రం పల్లకీలో కూచున్నాయనదే. వీరాస్వామిని తప్పుపట్టాలని కాదు, ఆయన రాయకపోతే మనకు ఆ దారే తెలిసేది కాదు. కాని అక్కడ తిరుగుడు ఒకరిది, చూసుడు ఇంకొకరిది.

ఫ్రాన్సు కాలినడకలకు పేరు తెచ్చిన వాళ్ళలో స్టీవెన్సన్ ఒకడు. స్కాట్లండువాడు. 1878 శరత్కాలంలో సెవెన్ కొండల్లో పన్నెండు రోజులు నడిచి, మరుసటేడు పుస్తకం అచ్చువేశాడు. ఆయన సామాను మోసింది మోదెస్తీన్ అనే ఆడగాడిద. అదీ ఆ కొండలన్నీ ఎక్కింది. ఇప్పుడా దారికి స్టీవెన్సన్ పేరు పెట్టారు. లోకం తీరే అంత.

దీనికి జవాబు పుస్తకాల్లో కాదు, ఒక చట్టంలో దొరికింది. మనం ఫ్రెంచి పల్లెల్ని సినిమాల్లో, క్యాలెండర్లమీద చూసి, అక్కడివాళ్ళకు అనాదిగా విహారం అలవాటేమో అనుకుంటాం. కాదు. 1936 జూన్‌లో, దేశమంతటా సమ్మెలు జరిగాక, పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులందరికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో కూడిన సెలవు చట్టం చేసింది. పనిగంటలు వారానికి నలభై చేసింది. ఆ వేసవిలో ఫ్యాక్టరీ కూలీలు సైకిళ్ళమీద, భార్యాభర్తలిద్దరూ కలిసి తొక్కే జోడు సైకిళ్ళమీద, రాయితీ టికెట్లతో రైళ్ళలో బయలుదేరారు. వాళ్ళలో ఎంతోమంది జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూసింది అప్పుడే. అంతకుముందు వాళ్ళ కాళ్ళు నడవలేదనా? ఇంటి నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఇంటికి ఏళ్ళ తరబడి నడిచాయి. ఆ తిరుగుడును చూసుడుగా మార్చింది రెండు వారాల జీతం.

ఇది తెలిసినప్పుడు నాకు కొంత తృప్తి కలిగింది. ఓహో, తీరికే కదా తేడా అనుకున్నాను. సౌదీ కార్మిక చట్టంలో కూడా ఏడాదికి 21 రోజులు, అయిదేళ్ళ సర్వీసు దాటితే 30 రోజులు జీతంతో సెలవు ఉంది. వారానికొక విశ్రాంతి దినం ఉంది. మరి అన్నకు శుక్రవారమైనా ఎందుకు లేదు? ఈ ప్రశ్న నేను వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పుడు ఒప్పుకోవాలి.

అన్నలో నాకొక విచిత్రం కనిపించేది. ఆయన మదీనా రోడ్డు దాటేవాడు కాదు. నేను కోర్నిష్ వైపు పోదాం రమ్మంటే, ఆ రోడ్డు దాకా వచ్చి, "ఇగ నువ్వు పో తమ్మీ" అని సైకిలు మళ్ళించేవాడు. దీన్ని గురించి నోటుబుక్కులో ఒక పేజీన్నర రాసుకున్నాను. పల్లెటూరి మనిషి ఎక్కడికి పోయినా తనకొక పొలిమేర గీసుకుంటాడని, ఎడారి దేశంలో కూడా ఆయన తన ఊరి ఎల్లను మోసుకు తిరుగుతున్నాడని, ఇలా చాలా అందంగా రాశాను. చదివి నేనే మురిసిపోయాను కూడా.

* * *

2017 మార్చి 29న సౌదీ ప్రభుత్వం 'ఉల్లంఘనులు లేని దేశం' పేరుతో క్షమాభిక్ష మొదలుపెట్టింది. ఇకామా గడువు తీరినవాళ్ళు, కఫీల్ దగ్గర నుంచి వెళ్ళిపోయినవాళ్ళు, తొంభై రోజుల్లోగా జరిమానా లేకుండా, మళ్ళీ రాకుండా వేలిముద్రల నిషేధం పడకుండా దేశం విడిచి పోవచ్చని ప్రకటన. షరఫియా అంతటా అదే మాట. ట్రావెల్ ఏజెన్సీల ముందు గుంపులు.

ఆ వారంలో ఒక రాత్రి అన్న మా ఇంటి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. అరబ్బీలో ఉన్నవి నన్ను చదివి పెట్టమన్నాడు. చదివాను. ఆయన ఇకామా గడువు తీరి మూడేళ్ళవుతోంది. తెచ్చుకున్న కంపెనీ అయిదు నెలలు జీతమివ్వకపోతే బయటపడ్డాడు. అక్కడి నుంచి మనవాళ్ళు 'కల్లివెల్లి' అంటారే, ఆ బతుకు. పెద్దరోడ్డుమీద పోలీసులు ఆపి ఇకామా అడుగుతారు. గల్లీల్లో అడిగేది తక్కువ. అందుకే మదీనా రోడ్డు దాటడు. అందుకే రాత్రిపూట పని. అందుకే ఏ గోడ నీడ ఏ గంటకు ఎటు పడుతుందో తెలుసు. అది ఎండను తప్పించుకోవడానికి మాత్రమే కాదు.

నా పేజీన్నర సాహిత్యం అక్కడే కాలిపోయింది.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదన్నా?" అన్నాను. గొంతులో నిష్ఠూరం కూడా పెట్టాను, సిగ్గులేక.

ఆయన కాగితాలు సర్దుకుంటూ మెల్లగా అన్నాడు: "మీరు అడుగలే గద సారూ."

ఏడాదిపైగా 'తమ్మీ' అన్న మనిషి 'సారూ' అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

నిజమే. నేను ఆయన్ని ఏమేం అడిగాను? నీడల గురించి అడిగాను, పిల్లుల గురించి అడిగాను, మా ఊళ్ళ జాతరల గురించి, పాత సామెతల గురించి అడిగాను. నాకు రుచించేవన్నీ అడిగాను. నీకు జీతమెంత, సెలవెప్పుడు, ఊరికి పోయి ఎన్నేళ్ళయింది, కాగితాలున్నాయా అని ఒక్కసారి అడగలేదు. క్లూనీ దారిలో తెల్లావుల్ని ఎలా చూశానో, మా పక్క ఊరి మనిషినీ అలాగే చూశాను. ముసలమ్మ బోన్‌జూర్ పాఠం నేర్పిందని గొప్పగా చెప్పుకున్నాను గాని, నేర్చుకున్నది ఆ మాట మాత్రమే.

నా వృత్తిలో రోజూ చేసే పని ఒకటుంది. ఏ యూజరుకు ఏది చూసే అనుమతి ఉండాలో నిర్ణయించి కంప్యూటరులో పెడతాను. అనుమతి ఉన్నవాడికి అది ఉన్నట్టే తెలియదు. తెర తెరుస్తాడు, కావలసింది చూస్తాడు, తన తెలివి అనుకుంటాడు. లేనివాడికే ఎర్రక్షరాల్లో సందేశం కనబడుతుంది. ఫ్రాన్సు పల్లెల్లో మూడు నెలలు ఏ పోలీసూ నన్ను ఆపలేదు, నా జేబులో వీసా ఉందన్న సంగతే మరిచిపోయాను. అదంతా నా కాళ్ళ బలమే, నా రసికతే అనుకున్నాను. మా ఆవిడకు ఇది నాకన్నా ముందే తెలుసు. సౌదీలో ఆడవాళ్ళకు పార్కుల్లో, అదీ మగ బంధువు తోడుంటేనే, సైకిలు తొక్కే అనుమతి వచ్చింది 2013లో. కారు నడిపే హక్కు 2018 జూన్‌లో. నేను కొత్త సైకిలు తెచ్చి మురిసిపోతుంటే, "నీకైతే డబ్బులుంటే చాలు, నాకు చట్టం కావాలి" అంది అప్పుడే. నేను జోక్ అనుకుని నవ్వాను.

కాబట్టి తిరుగుడుకీ చూసుడుకీ తేడా తీరిక ఒక్కటే కాదు. నిర్భయంగా నిలబడగలగడం, 'ఎవరు నువ్వు' అని అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండడం, రేపు ఇంటికి పోగలనన్న నమ్మకం ఉండడం. ఇవి ఉన్నవాడే ఒక చెట్టు దగ్గర ఊరికే ఆగి చూడగలడు. ఇవేవీ మనం సంపాదించుకున్నవి కావు. ఎవరో సమ్మె చేస్తే వచ్చిన సెలవు, ఎవరో రంగు వేసిన గీత, ఎవరో ముద్ర కొట్టిన కాగితం. అలా ఇతరులు ఇచ్చిన చూపుకు ఒక బాకీ ఉంటుంది. అందమైనది చూసి ఆనందించడం తప్పని నేననను. గబ్బిలాలకు కూడా నిద్రపోయే హక్కు ఇచ్చిన ఆ దేశాన్ని చూసి వచ్చినందుకు నాకు విచారం లేదు. కాని చూపు దారిలోని మనిషి మీద పడ్డప్పుడు, అది ఆయనకు పనికొచ్చే ప్రశ్న ఒక్కటైనా అడక్కుండా తిరిగొచ్చిందంటే, ఆ బాకీ తీరనట్టే.

* * *

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నా గొప్ప లేదు. నాలుగుసార్లు కాన్సులేటుకు, మూడుసార్లు జవాజాత్ ఆఫీసుకు కారులో తీసుకుపోయాను. ఫారాలు నింపాను. ఏడాదిముందు అడిగి ఉంటే కనీసం ఆయన రాని జీతాలకు లేబరు కోర్టులో ఫిర్యాదైనా రాసేవాళ్ళం. అప్పటికి ఆ వేళ దాటిపోయింది. మే నెలలో ఎగ్జిట్ కాగితం చేతికొచ్చింది. ఆ సాయంత్రం ఆయనే వచ్చి, "ఇగ దాటొచ్చు గద, సముద్రం దిక్కు పోదామా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది. జెద్దాకు వచ్చి తొమ్మిదేళ్ళు. సముద్రానికి సైకిలుమీద అరగంట దూరంలో బతికిన మనిషి ఒక్కసారి కూడా ఆ ఒడ్డున నిలబడలేదు. 1936లో పారిస్ కూలీల సంగతి పుస్తకంలో చదివి కళ్ళు చెమర్చుకున్నవాణ్ణి నేను.

ఇద్దరం సైకిళ్ళమీద పోయాం. ఆయన బకెట్లు లేకుండా ఆ సైకిలు తొక్కడం మొదటిసారి చూశాను. మదీనా రోడ్డు దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, చొక్కా జేబు తడుముకుని, కాగితం ఉందని చూసుకుని దాటాడు. కోర్నిష్‌లో ఫహద్ రాజు ఫౌంటెను ఎగజిమ్ముతోంది. 1985 నుంచి నడుస్తున్న ఈ ఫౌంటెను సముద్రపు నీటినే రెండువందల అరవై మీటర్ల పైచిలుకు ఎత్తుకు చిమ్ముతుంది. ప్రపంచంలో అంత ఎత్తయిన ఫౌంటెను లేదంటారు. నేను ఆ సంగతులన్నీ చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన ఫౌంటెను వైపు చూడలేదు. రాళ్ళమీద కూచుని నీళ్ళ వైపే చూస్తున్నాడు.

చాలాసేపటికి అన్నాడు: "రాత్రి కార్లు తుడుస్తుంటే గీ ఉప్పువాసన వచ్చేది తమ్మీ. ఎటు నుంచి వస్తదో తెల్వకపోయేది."

తమ్మీ అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు.

* * *

2018 డిసెంబరులో సెలవుమీద పోయినప్పుడు వాళ్ళ ఊరికి వెళ్ళాను. కారు ఊరి బయటే ఆపి నడిచి పోయాను. ఈసారి అందంగా ఉంటుందని కాదు, కారులో పోయి ఆయన గుమ్మం ముందు దిగడానికి మొహం చెల్లక. ఆయన రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు, అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. పొలం చూపిస్తానని తీసుకుపోయాడు. దారిలో ఒక చోట గట్టు ఎక్కి నడవాల్సి వచ్చింది. "ఇక్కడ నక్షబాట ఉండేది. రెండు బండ్లు ఎదురైతే ఒకదానికొకటి తొవ్వ ఇచ్చేటివి. ఇప్పుడు అటోడు కొంత, ఇటోడు కొంత దున్నుకున్నరు" అన్నాడు. ఊరి పటంలో గీత ఉంది, నేలమీద బాట లేదు. మా ఊళ్ళోనూ ఇదే కథ. రంగు డబ్బా పట్టుకుని ఆ బాటల్లో నడిచేవాడు మనలో ఎవడూ పుట్టలేదు. ఊరు విడిచిపోయినవాళ్ళకు ఆ బాట అక్కర్లేకపోయింది, ఉన్నవాళ్ళకు అరగుంట భూమి అక్కరయింది.

తిరిగి వచ్చేటప్పుడు అన్నను అడిగాను, "ఇప్పుడు నీది తిరుగుడా, చూసుడా?" అని. ఆయన ఆ మాటే మరిచిపోయాడు. నేను గుర్తుచేస్తే కాసేపు ఆలోచించి, "అది నాకేం ఎరుక తమ్మీ, నువ్వు చదువుకున్నోనివి" అన్నాడు. కారు దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, మరొక మాట అన్నాడు.

"నువ్వు మళ్ళ షరఫియాకే పోతవు గద. అక్కడ మనోళ్ళు ఎవరన్న కలిస్తే ముందుగాల ఇకామా సంగతి అడుగు. ఊరు తర్వాత అడుగొచ్చు."

2021 మార్చి నుంచి సౌదీలో నియమాలు కొంత సడలాయి. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు కొన్ని షరతుల మీద యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చు, ఎగ్జిట్ తీసుకోవచ్చు. అయినా కాగితం చేజారినవాళ్ళు షరఫియా గల్లీల్లో ఇంకా ఉన్నారు. నేనిప్పటికీ శుక్రవారం సైకిలు తొక్కుతున్నాను. సముద్రం ఇప్పటికీ బాగుంటుంది. తెలుగు మాట వినిపిస్తే ఆగి, నమస్తే చెప్పి, ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను. కొందరు అనుమానంగా చూస్తారు. ఒకాయన, "నీకెందుకయ్యా, నువ్వేమన్నా పోలీసువా?" అని కోప్పడ్డాడు. ఇద్దరు మాత్రం అటూ ఇటూ చూసి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు.